సోంపు చిటికెడు

కాకినాడ జనం 'గోలపేట' చూడబట్టి నలభై ఏళ్లు. ఆ కామెడీ సీరియల్లో ఏం చూపిస్తే అది జరిగి తీరుతుందని అందరికీ గురి. ఏడయ్యేసరికి మాణిక్యం కూడా తన కర్రీ పాయింటులో గరిటె పక్కనపెట్టి టీవీ ముందు కూర్చుంది. పక్కన సత్యవేణి, పదహారేళ్లుగా కొట్టులో భాగస్తురాలు.

ఆ రోజు కథలో ఒక వంట మిషను ఓ కర్రీ పాయింటులోకొచ్చి వంటావిడని బయటికి పంపేసింది. ఆవిడ గరిటెతో మిషను మీదికి దెబ్బలాటకి వెళ్తుంటే మాణిక్యం పొట్ట పట్టుకుని నవ్వింది. చివర్న మిషను గుత్తివంకాయ దించుతూ నువ్వులపొడిలో చిటికెడు సోంపు కలిపి చల్లింది.

మాణిక్యం నవ్వు ఆగిపోయింది. తన గుత్తివంకాయలో పడే ఆ సోంపు సంగతి సత్యవేణికి తప్ప కన్నకూతురికి కూడా చెప్పలేదు.

"జోస్యం కాదన్నమాట. నువ్వే చెప్పేవా వాళ్లకి?"

సత్యవేణి తలదించుకుంది. "మిషన్లు అమ్మేవాళ్లే సీరియల్ రాయిస్తారు వదినా. మన కొట్టుకీ రేపొస్తంది మిషను."

"ముందు నాతో ఒక్కమాట అనుంటే నీ సొమ్మేం పోయేదే?"

"నోటితో చెప్పలేక సీరియల్లో చెప్పించేను కదా," అంది సత్యవేణి. "నువ్వే నవ్వేవు."