జరీ ఫ్యూజు

మగ్గం గదిలో లైటు మళ్లీ పోయింది.

భీమన్న మగ్గం దిగలేదు. కళ్లకు పొర కమ్మి చాలా రోజులైంది. వేళ్లతోనే నేస్తాడు. అయినా ఆ కాస్త వెలుగు కూడా లేకపోతే అంచు కుదరదు. మల్దకల్ జాతర దగ్గరికొచ్చింది. దేవుడికి మొక్కిన పట్టుపంచె ఇంకా కొంత మిగిలే ఉంది. అది పూర్తయ్యేదాకా ఒక్కపొద్దు ఉంటున్నాడు.

పంచె కోసం పోయిన ఎండాకాలానికి ముందే అసలు జరీ తెప్పించాడు. కోడలు స్వరూప చేతికిచ్చి పెట్టెలో దాయమన్నాడు. కండెలకు చుట్టి ఇచ్చేది ఆమే.

గోడలోంచి కాలిన వాసన వస్తోంది. ఆ గోడకే పట్టు కట్టలు ఆనించి ఉన్నాయి.

స్వరూప ఎలక్ట్రీషియన్ బాలరాజుకు ఫోన్ చేసింది. పోయిన ఎండాకాలం వంటింటి వైరింగు మార్చింది అతనే. అంతకు కొన్నాళ్ల ముందే ఇదే వీధిలో యాదయ్య ఇల్లు కాలింది. మంట వంటింట్లో తీగల నుంచే లేచింది. యాదయ్య భార్య ఇప్పటికీ దవాఖాన చుట్టూ తిరుగుతోంది. మన తీగలూ పాతవేనని స్వరూప ఎంత చెప్పినా, మొక్కు తీరాకే మిగతావన్నీ అన్నాడు భీమన్న. చివరికి తన తమ్ముడు నిరంజన్ పైసలిచ్చాడని చెప్పి ఆమే చేయించింది. వాటితో వంటిల్లు ఒక్కటే అయింది. మగ్గం గది అట్లే మిగిలింది.

బాలరాజు వేరే ఊళ్లో పనిలో ఉన్నాడు. పొద్దున్నే వస్తానని, అప్పటిదాకా ఏదీ ముట్టొద్దని చెప్పాడు.

“పొద్దుగాలనంట. జాతర వాని కోసం ఆగుతదా?” అన్నాడు భీమన్న. “జర స్టూలియ్యి. నాలుగు జరీ పోగులు మెలేసి ఫ్యూజుల పెడ్త. మా నాయిన గిట్లనే పెడుతుండె.”

స్వరూప మొహం పాలిపోయింది.

“వద్దు మామా. ఇల్లు అంటుకుంటది.”

“మా నాయిన పెడితే అంటుకోలే. నేను పెడితే అంటుకుంటదా?”

ఆమె మళ్లీ ఫోన్ చేసి, సంగతి చెప్పి స్పీకర్ పెట్టింది.

“అక్కా, పెద్దాయన్ను ఆపు” అన్నాడు బాలరాజు. “జరీ పెడితే ఫ్యూజు పోదు. ఇల్లు పోతది.”

భీమన్న నవ్వాడు.

“విన్నవా? వాడే ఒప్పుకుండు. లోపల వెండి ఉంటది, రాగి ఉంటది. కరెంటు పారకపోతే అది జరీనే కాదు. పోరగాండ్ల రాఖీలకు కట్టే ప్లాస్టిక్.”

మగ్గం మీది జరీ కండె అందుకున్నాడు. స్వరూప అతని చేయి పట్టుకుంది. ఈ ఇంటికొచ్చినంక మామకు ఎదురు నిలబడటం ఇదే మొదలు.

“కాళ్లు మొక్కుత మామా. పొద్దటిదాకా ఆగు.”

“గంత భయమేందే నీకు?”

ఆమె చేయి వదల్లేదు.

భీమన్న చేయి విడిపించుకున్నాడు. పోగులు మెలేసి ఫ్యూజులో చుట్టాడు. తడుముకుంటూ స్టూలెక్కాడు. కాలిన వాసన ఇంకా పోలేదు. గోడకు ఆనించిన పట్టు కట్టలను స్వరూప జరపలేదు. బిందెడు నీళ్లైనా తెచ్చి పెట్టుకోలేదు. గుమ్మం పట్టుకుని కళ్లు మూసుకుంది.

భీమన్న ఫ్యూజు బిగించి స్విచ్ వేశాడు.

చీకటి అట్లే ఉంది.

ఊడదీశాడు. గట్టిగా బిగించాడు. మళ్లీ వేశాడు. వెలగలేదు. ఫ్యూజు చేతిలోకి తీసుకుని, మెలేసిన పోగును వేళ్ల మధ్య చాలాసేపు నలిపాడు. తర్వాత మగ్గం మీది పంచె అంచును తడిమాడు.

వంటింట్లో బల్బు మాత్రం కదలకుండా వెలుగుతోంది.

భీమన్న ఆ వెలుగు వైపు తిరిగి, “స్వరూపా, గా వైరింగుకు నిజంగ మీ తమ్ముడే పైసలిచ్చిండా?” అని మెల్లగా అడిగాడు.