అద్దం మీద అద్దం

"వదులప్పా, అది నా చీర."

"నీదెట్లయితుంది? ముందు నువ్వు వదులు."

హిందూపురం బజారులో గోవిందరాజులు ఫోటో స్టూడియో. ధర్మవరం నేతగాళ్లు నరసింహులు, తిమ్మప్ప చెరో కొస పట్టుకున్నారు. పట్టుచీర మీద ఇద్దరి పట్టూ సడలడం లేదు. ఇంకాసేపయితే చీరను చీరేట్టున్నారు.

అరవైరెండులో హైదరాబాదు ప్రదర్శనకు ఎంపికైన చీర అది. ఇద్దరూ ఒకే రంగు, ఒకే అంచు చీరలు చేనేత సంఘానికిచ్చినారు. గెలిచినదాని మీది పేరు చీటీ ఊడిపోయింది. ప్రదర్శన పుస్తకంలో చీర ఫోటో కింద నేసినోళ్ల పేరు అచ్చవుతుంది. ఎవరి పేరు?

నరసింహులు భార్య ఆదెమ్మ చీరను మెల్లగా తప్పించి గోవిందరాజులుకు అందించింది.

"ఎడంచేత్తో ఇస్తారా ఎవరన్నా? కుడిచేత్తో ఇయ్యి," కసిరినాడు నరసింహులు.

ఆమె చెయ్యి మార్చింది.

"ఒక పని చేద్దాం," అన్నాడు తిమ్మప్ప. "పోగు తెగితే మగ్గం గుంటలో కూర్చున్నోళ్లే మెలిపెట్టి అతుకుతారు. చెయ్యి మారితే మెలి మారుతుంది. ఆ అతుకు చూస్తే సరి."

"చూడు, నాకేం?" నవ్వినాడు నరసింహులు. "వెంట్రుక కన్నా సన్నం. యా కంటికి కనపడుతుందబ్బా అది?"

ఆ మాటకు గోవిందరాజులు కళ్లు మెరిసినాయి. పెద్ద కెమెరా లెన్సుకు ఎదురుగా చిన్న కెమెరా లెన్సును తిరగేసి, ముఖానికి ముఖం ఆనించి, నల్లటేపు చుట్టినాడు.

"ఒక అద్దమే మాకు అర్థం కాదు. రెండెందుకప్పా?" అన్నాడు తిమ్మప్ప.

"ఒకటి చూస్తుంది, ఇంకోటి దగ్గరికి పిలుస్తుంది. రెండూ కలిస్తే చీమ ఏనుగయితుంది."

తిమ్మప్ప వేలికొసతో తడిమి అంచు పక్కన అతుకు పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో పోగు అతికి ఇస్తే, గోవిందరాజులు వాటిని చీరలోని అతుకుకు అటొకటి, ఇటొకటి పెట్టినాడు.

"ఊపిరి బిగపట్టండి. మీ గాలికి పోగు ఊగిందంటే ఫోటో గాలికి పోతుంది."

గంటకు తడి ఫోటోతో చీకటిగదిలోంచి బయటికొచ్చినాడు. పోగులు బావి మోకులంత ఉండాయి. నలుగురి తలలూ దాని మీదికి వంగినాయి.

"చీరలో మెలి ఎడమకు తిరిగుండాది," అన్నాడు తిమ్మప్ప.

"అద్దం తిరగేసి పెట్టినావు కదా, అందుకే తిరగబడింది," అన్నాడు నరసింహులు గబగబా.

"అట్లయితే మీ పోగులూ తిరగబడాల. పక్కనే ఉండాయి చూడు, రెండూ కుడికే." గోవిందరాజులు పెన్ను మూత తీసినాడు. "ఇది మీ ఇద్దరిలో ఎవరు నేసిందీ కాదు. యా పేరు రాయమంటారు?"

ఆదెమ్మ పెన్ను కోసం చెయ్యి చాపింది.

ఎడంచెయ్యే. ఈసారి మార్చుకొమ్మని నరసింహులు అనలేదు.