వెచ్చరాయి

వెచ్చరాయి వచ్చిన రోజు ఊరంతా మేళాలతో ఎదురెళ్ళింది. అణు విద్యుత్ కేంద్రాల్లో మిగిలిన వ్యర్థాన్ని పింగాణీలా కాల్చి, పలకలు చేసి, మన్యంలో ఇంటికొకటి ఉచితంగా పంచారు. ఇక కట్టెలు అక్కర్లేదు, గ్యాసు అక్కర్లేదు, మనవల మనవల దాకా చల్లారదన్నారు. సూరీడమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో రాగిజావ కాగేది దాని మీదే, చలికాలం పసిపిల్ల గుడ్డలు ఆరేదీ దాని మీదే.

ఏటా తనిఖీకి వచ్చే హారిక ఈసారి రాయికి పరికరం ఆనించి చాలాసేపు లేవలేదు. సూరీడమ్మ తెరలోకి తొంగిచూసింది. రాయి లోపలి పరమాణువులు అందులో కనిపిస్తాయి. పోయినేడు ముగ్గుచుక్కల్లా వరసగా ఉండేవి. ఇప్పుడు ఎవరో తొక్కేసినట్టున్నాయి.

"ఏటమ్మా, సుక్కలిలా సెదిరిపోనాయి?"

"లోపల పుట్టే కిరణాలే వాటిని నెట్టేస్తాయి మామ్మగారూ. వరస చెదిరితే రాయి ఉబ్బుతుంది. ఆ తర్వాత పగులుతుంది."

"పగిల్తే?"

హారిక లేచింది. రాయి మీద ఆరేసిన పసిపిల్ల గౌన్లు ఒక్కొక్కటే తీసి దూరంగా పెట్టింది.

సూరీడమ్మకి అర్థమైంది. గొంతు లేచింది.

"అయితే ఇప్పుడే అట్టుకుపో తల్లీ! సలికి సచ్చినా పర్నేదు. ఎక్కడైనా మనుసుల్నేని సోట ఎట్టుకోండి."

హారిక పరికరం సంచిలో సర్దుకుంది.

"మనుషుల్లేని చోటనుకునే ఇక్కడ పెట్టారు, మామ్మగారూ," అంది తలెత్తకుండా.