మొదటి దెబ్బ

కాదు మనవరాలా, 'తోసినాను' అని రాయొద్దు. కొట్టినాను. మీ అన్న ఓబిలేష్ బెళుగుప్పలో బస్సు దిగతానే, మొదటి దెబ్బ చెర్నాకోలతో నేనే కొట్టినాను.

సైకిల్ పందెంలో గెలిచినాడని ఊరంతా భుజాల మీద మోసినాము. బలానికి మందు మింగి గెలిచినాడని పరీక్షలో తేలి, పతకం వెనక్కి తీసుకున్నారు.

"దొంగనాయాలా, ఊరి మొగాన ఉమ్మేయించినావు గదరా," అని మన వీధి తిప్పేస్వామి, బస్సు మీంచి దించిన ఆ పందెం సైకిలే ఎత్తి వాని కాలి మీద వేసినాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

నేను వాని జుట్టు పట్టి లేపినాను. "ఏం మందు మింగినావో చెప్పరా."

వాని నోటినిండా రక్తం. నా ఒక్కనికే వినపడేట్ల అన్నాడు: "తాతా, నువ్వు అంబలిలో కలిపిచ్చిన పొడే. బండలాగే ఎద్దులకి పెడతావే, అదే. నాకూ పరీక్ష అయినాకే తెలిసింది. ఎవురికీ చెప్పాకు, నిన్ను చంపుతారు."

బిడ్డకి సత్తువ వస్తాదని దినామూ కలిపినా. అది తప్పని నాకు తోచనే లేదు.

చెర్నాకోల కింద పడేసినాను గానీ, నోరు తెరవలేదు. తిప్పేస్వామి ఇంకా తంతానే ఉన్నాడు. నేను చూస్తా నిలబడినాను.

ఏడుస్తాండావా? ఏడుపు అయినాక రాయి. రేపు పొద్దున్నే తిప్పేస్వామి ఇంటికి పో. మా తాత వాకిట్లోనే కూర్చోనుండాడు, యాడికీ పారిపోడని చెప్పు. ఈ కాగితం వాని ముందర నిలబడి, వీధికంతా వినపడేట్ల చదువు.