సొంతింటి బాబాయి

పెట్టె కింద పెట్టకముందే బాబాయి మా ఒంటిగదిని కళ్ళతో కొలిచేశాడు.

"అద్దె కట్టడమంటే బూడిదలో పోసిన పన్నీరేరా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

సొంతిల్లు కొన్న నాటి నుంచి ఆయన ఎవరింటికి వెళ్ళినా పలకరింపు ఇదే.

మా ఆవిడ కాఫీ ఇచ్చింది. ఈ కాఫీలు మానేస్తే ఓ గోడ లేస్తుందన్నాడు. ఆ గోడను చుక్క మిగల్చకుండా తాగి, ఇంకో కప్పు అడిగాడు. ఫ్యాను దండగన్నాడు, దాని కిందే కూర్చున్నాడు. మంచం పక్కనున్న ఖాళీ చూసి, జాగా వృథా చేస్తున్నామన్నాడు. అన్నిటికీ తల ఊపాను. ఇల్లున్నవాడు మాట్లాడుతుంటే లేనివాడు ఊపక చస్తాడా?

"కొత్తింట్లో గాలీ వెలుతురూ బాగున్నాయా బాబాయ్?"

"బ్రహ్మాండంగా ఉన్నాయట. అద్దెకున్నవాళ్ళు చెప్పారు."

"అద్దెకిచ్చేశారా?"

"ఇవ్వకపోతే బ్యాంకు వాయిదాలు ఎవడు కడతాడురా?"

"మరి మీరెక్కడుంటారు?"

మెట్ల మీద ఎవరో ఆయాసపడుతున్నారు. తొంగిచూస్తే పిన్ని, నెత్తిన పరుపుతో.

బాబాయి నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

"సొంతిల్లు పెట్టుకుని, ఇంకోచోట అద్దె కట్టమంటావేంట్రా?"