బాతుల చెరువు దగ్గర దొరికిన ఉంగరం

"అక్కడ కాదురా మొండి ముసలాడా, ఇక్కడ!" బాతుల చెరువు గట్టు మీద నిలబడి నార్మన్ కేకపెట్టాడు.

హెడ్లీ వినిపించుకోలేదు. లోహాన్ని పసిగట్టే యంత్రం భుజాన వేసుకుని, పార్కుకు ఆ చివర ఉన్న బ్యాండుమేళం మండపం వైపు నడిచిపోతున్నాడు. ఒంటి మీద చావుకు వేసుకునే నల్లకోటు, మోకాళ్లకు మట్టి కొట్టుకున్న తొడుగులు. ఆ వాలకం చూసి నవ్వాలో ఏడవాలో తెలియక, వాకింగుకి వచ్చినవాళ్లు కుక్కల్ని లాక్కుని పక్కకు తప్పుకుంటున్నారు.

నాలుగింటికి మేవిస్ శవపేటికకు మూత బిగించేస్తారు. ఆలోగా పెళ్లాం వేలికి పెళ్లి ఉంగరం తొడగాలని హెడ్లీ పంతం. అది ఈ పార్కులోనే పోయిందాయె! దాని కోసమే ఈ యంత్రం కొన్నాడు. దాని కోసమే ఇన్నేళ్లుగా ఆదివారం ప్రార్థనలు ఎగ్గొట్టి దేవుడికి బాకీ పడ్డాడు. రాణిగారి కాలం నాటి పెన్నీలు దొరికాయి, సిపాయిల గుండీలు దొరికాయి, ఎవరివో పెట్టుడుపళ్ల వెండితీగ కూడా దొరికింది. ఉంగరం ఒక్కటే దొరకలేదు.

"ఒక్కసారి రారా! నా మిషను చర్చి గంటలా మోగిందిక్కడ."

"నీ మిషనుదేముంది, నిరుడు రోము చక్రవర్తి కిరీటం ఉందనీ మోగింది. తవ్వితే చేపల డబ్బా మూత!"

"మరి నువ్వు తవ్విన సముద్రపు దొంగల కత్తో? గడ్డి కోసే మిషను రెక్క కాదూ?"

ఈ యంత్రాలు పట్టుకు తిరిగే జాతి అంతా ఇంతే. చిల్లపెంకు దొరికితే చక్రవర్తి కంచమంటారు. వాళ్లకున్న నీతులు రెండే రెండు. తవ్విన గుంట పూడ్చాలి, వస్తువు ఉన్న చోటు ఎవడికీ నిజం చెప్పకూడదు. చెప్పావా, తెల్లారేసరికి వాడు అక్కడ పందికొక్కులా తవ్వేసి ఉంటాడు. తూర్పున ఉన్నదానికి పడమర చూపించడమే వాళ్ల మర్యాద.

మండపం చుట్టూ హెడ్లీ చివరిసారిగా యంత్రం ఊపాడు. సీసా మూత. ఇంకో సీసా మూత. చర్చి గడియారం వంక చూసి ఉసూరుమన్నాడు. వీడి గోలైనా వదులుతుందని చెరువు గట్టుకు వచ్చాడు.

"ఏరా, ఇవాళ ఆపిల్ కేకు తేలేదేం? లీడ్స్ నుంచి మీ అక్క పంపకుండా ఆదివారం గడవదుగా నీకు!"

"అక్కకి ఒంట్లో బాగాలేదు." నార్మన్ చూపు నీళ్ల మీదికి పోయింది.

"పాపం. మీ అక్క ధర్మమా అని వారానికో ముక్కైనా ఇంట్లో చేసింది తిన్నాను. మా ఆవిడ పిండి ముట్టుకుంటే ఒట్టు! చేతులకు పడదనేది. బతుకంతా బేకరీ తిండే పెట్టింది."

"సరే సరే, ముందు తవ్వు. వేళ మించిపోతోంది."

యంత్రం నిజంగానే మోగింది. హెడ్లీ మోకాళ్ల మీద కూలబడి, పచ్చికను గుర్రపు లాడం ఆకారంలో కోసి మూతలా పైకెత్తాడు. పారతో పనే లేకపోయింది. గడ్డి వేళ్ల కిందే బంగారపు మెరుపు.

ఉంగరం! రుమాలుతో తుడిచాడు. లోపలివైపు రెండక్షరాలు. హెచ్, ఎమ్.

"చెప్పానా! నే చెప్పలా!" నార్మన్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "లేవరా, పద! మూత బిగించేస్తారు!"

హెడ్లీ లేవలేదు. పచ్చిక మూతను జాగ్రత్తగా దించాడు. అరచేత్తో అదిమాడు. ఇంకోసారి అదిమాడు.

"నార్మన్, ఇది ఎక్కడ పోయిందని చెప్పాన్రా నీకు?"

"అదేం ప్రశ్న? ఇక్కడేగా! బాతులకు రొట్టెముక్కలు వేస్తుంటే మేవిస్ వేలినుంచి జారిపోయిందని మొదటిరోజే చెప్పావుగా."

"చెప్పాను. నువ్వు నాకంటే ముందు తవ్వుకుపోతావని అబద్ధం చెప్పాను. మేవిస్‌కి బాతులంటే చచ్చేంత భయం. ఈ గట్టు మీద ఒక్కనాడు కాలు పెట్టలేదు." హెడ్లీ ఉంగరాన్ని నార్మన్ ముఖం ముందుకు ఎత్తి పట్టాడు. "మండపం దగ్గర, బ్యాండు వింటూ చప్పట్లు కొడుతుంటే జారిపోయిందని నాతో చెప్పింది. ఆ చోటు ఈ నోటితో ఎవడికీ చెప్పలేదు. మరి ఇది ఇక్కడికెలా నడిచొచ్చిందిరా?"

నార్మన్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. ఒక బాతు వాళ్లిద్దరి మధ్య నుంచి నింపాదిగా నడిచిపోయింది. చర్చి గడియారం నాలుగు కొట్టడం మొదలుపెట్టింది. అది పూర్తిగా కొట్టేదాకా ఆగి అన్నాడు నార్మన్:

"మేవిస్ నీతోనూ అబద్ధమే చెప్పిందిరా. ఆపిల్ కేకుకి పిండి కలుపుతూ తీసి, మా వంటింటి కిటికీలో పెట్టి మరిచిపోయింది."