గోడ మేస్త్రీ

గనిలోకి దిగే ముందు ఆ ముసలాయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి గుమ్మం పక్క గూట్లో పెట్టాడు.

సందర్శకులు నవ్వారు.

"ఇంకెక్కడి గ్యాసు తాతగారూ? బొగ్గు తవ్వడం ఆపేసి ఏళ్ళయింది. ఇప్పుడిది చూడ్డానికొచ్చే జనం కోసమే" అంది గైడు.

"అలవాటమ్మా" అన్నాడాయన సిగ్గుపడుతూ.

ఎవరో పాత పనివాడు అనుకుంది. ముచ్చటేసి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

సొరంగం చివర ఇటుకల గోడ ఉంది. అక్కడికొచ్చేసరికి రోజూ లాగే ఆమె గొంతు మారిపోయింది.

"దీని వెనకాల ఒక షిఫ్టు మనుషులున్నారు. లోపల మంటలు లేచాయని మేస్త్రీ దారికి అడ్డంగా గోడ కట్టించేశాడు. వాళ్ళలో మా నాన్న ఒకడు. మా అమ్మకి శవం కూడా దక్కలేదు."

"బతికుండగానే మూసేశారా?" అడిగింది ఒకావిడ.

"అది ఆ మహానుభావుణ్ణే అడగాలి. తన కొడుక్కి మాత్రం ఆ పూట సెలవిచ్చుకున్నాడు. ఆ వారంలోనే ఇంటిల్లిపాదీ మూటాముల్లె సర్దుకుని ఊరొదిలి చెక్కేశారు."

ఊళ్ళో పిల్లలు మారాం చేస్తే గోడ మేస్త్రీ వస్తాడని భయపెట్టేవారు. ఆమె ఆ పేరు వింటూనే పెరిగింది. ఎప్పటికైనా ఎదురుపడితే ముఖాన ఉమ్మెయ్యాలని చిన్నప్పుడే అనుకుంది.

"పిలిచానమ్మా" అన్నాడు ముసలాయన.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"గొంతు పోయేదాకా పిలిచాను. ఎవరూ పలకలేదు. మూయకపోతే గ్యాసుకి మంట అంటుకుని, గనిలో మిగతావాళ్ళంతా పోయేవారు."

ఆయనెవరో ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఉమ్మలేదు. నోరెండిపోయింది.

"పైకి నడువు" అంది.

"ఒక్కసారి గోడ మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోతాను తల్లీ."

ఆమె అడ్డం నిలబడి, చాచిన చేతిని విసిరికొట్టింది.

"మా నాన్నని ముట్టుకోకు."

ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమె కంటినిండా నిద్రపోయింది.

నెల తిరక్కముందే ఒక ముసలావిడ వచ్చింది. గోడ దగ్గర నుంచి అందరూ వెళ్ళిపోయేదాకా ఆగింది.

"నేను మేస్త్రీ భార్యని. ఆయన పోయారమ్మా. గోడ ముట్టుకోలేకపోయానని చివరిదాకా కుమిలిపోయారు. ఆయన బదులు నేను ముట్టుకుంటాను."

"మొగుడి పాపం కడుక్కోవడానికా?"

ముసలావిడ ముందుకు నడిచింది. ఎందుకో ఈసారి గైడు అడ్డం వెళ్ళలేకపోయింది. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు నిమిరినట్టు ఆవిడ ఇటుకల్ని నిమిరింది.

"ఆ రోజు ఆయన ఒక మాట దాచారు. చెబితే ఇటుకలు అందించేవాళ్ళ చేతులు ఆగిపోతాయని భయపడ్డారు."

"తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"నేనూ అదే అడిగాను. ఇంతమంది ఆడవాళ్ళ పసుపుకుంకాలు పోయాయి, తిట్టుకోవడానికైనా వాళ్ళకో మనిషి ఉండొద్దా అన్నారు. నన్నూ చెప్పనివ్వలేదు."

"ఏమిటా మాట?"

ముసలావిడ గోడ మీంచి చెయ్యి తియ్యలేదు.

"సైరన్ విని, మీ నాన్నవాళ్ళని తీసుకొస్తానంటూ పొగలోకి పరిగెత్తిన మా అబ్బాయి, ఆయన ఆఖరి ఇటుక పెట్టేసరికి ఇంకా తిరిగి రాలేదని."